ప్లూటో గాలిని కొలిచే రెండు నిమిషాలు: అపోహలు, వాస్తవాలు

దూరపు నక్షత్రానికి ప్లూటో అడ్డొచ్చినప్పుడు ఆ నక్షత్రం వెలుగు ఎలా తగ్గి, మళ్లీ ఎలా పెరిగిందో రికార్డు చేయడం నా పని. దీన్ని మేం ఆకల్టేషన్ అంటాం. మహా అయితే రెండు నిమిషాల వ్యవహారం. దీని గురించి ఎక్కడ మాట్లాడినా కొన్ని అపోహలు ఎదురవుతూనే ఉంటాయి.

అపోహ: అంత దూరంలోని గాలి ఎలా కనిపిస్తుంది, అదంతా ఊహే కదా!

గాలి కనిపించదు, నిజమే. ఆ సమయంలో టెలిస్కోపులో ప్లూటో, నక్షత్రం కలిసి ఒకే చుక్కలా ఉంటాయి. మేం ఆ చుక్క వెలుగును విడవకుండా కొలుస్తూ పోతాం. గాలి లేని గోళం అడ్డొస్తే దీపం ఆర్పినట్టు నక్షత్రం టక్కున మాయమవుతుంది. 2010 నవంబరులో ఎరిస్ అనే మరుగుజ్జు గ్రహం విషయంలో అలాగే జరిగింది. ప్లూటో వస్తే మాత్రం గ్రాఫులో గీత వాలుగా దిగి, కాసేపు అడుగున సాగి, మళ్లీ వాలుగానే లేస్తుంది. 1988 జూన్ 9న ఖగోళ శాస్త్రవేత్త జేమ్స్ ఇలియట్ బృందం కైపర్ అనే ఎగిరే అబ్జర్వేటరీ నుంచి పట్టుకున్నది ఈ వాలునే. ప్లూటోకు వాతావరణం ఉందని గట్టిగా తేలింది అప్పుడే.

అపోహ: గాలి వెలుగును మింగేస్తుంది కాబట్టి నక్షత్రం మసకబారుతుంది.

సైన్సు చదివినవాళ్లూ ఈ మాట అంటారు. అసలు కారణం వెలుగు వంగడం. ప్లూటో గాలి దాదాపు అంతా నైట్రోజనే. నేలకు దగ్గరయ్యేకొద్దీ అది చిక్కబడుతుంది కాబట్టి కింది కిరణం పై కిరణం కన్నా ఎక్కువ వంగుతుంది. పక్కపక్కనే బయల్దేరిన కిరణాలు ఎడంగా విడిపోయి, పల్చబడి మనల్ని చేరతాయి. ఎంత పల్చబడ్డాయో చూసి ఏ ఎత్తులో ఎంత సాంద్రత, పీడనం, ఉష్ణోగ్రత ఉన్నాయో లెక్క కడతాం.

దీనికి నాకెంతో ఇష్టమైన రుజువు ఒకటుంది. నక్షత్రం వెలుగులో ప్లూటో నీడ భూమి మీద పడుతుంది. మనం ఆ నీడకు సరిగ్గా నడిమధ్యలో ఉంటే, నక్షత్రం పూర్తిగా మరుగైన వేళ వెలుగు ఒక్కసారి ఎగసిపడుతుంది. ప్లూటో చుట్టూ అన్నివైపుల నుంచీ వంగిన కిరణాలు అక్కడ కలుస్తాయి మరి. గాలి వెలుగును మింగేదే అయితే ఈ మెరుపు రాదు. 2015 జూన్ 29న న్యూజిలాండ్ నుంచి ఎగిరిన సోఫియా అనే టెలిస్కోపు విమానం, గాల్లో ఉండగా అందిన కొత్త లెక్కతో దారి మార్చుకుని మరీ దీన్ని అందుకుంది.

మూడో అపోహ: నాసా అంతరిక్ష నౌక న్యూ హొరైజన్స్ వెళ్లి చూసింది కదా, ఇంకా భూమి నుంచి ఎందుకు?

ఆ నౌక 2015 జులై 14న ప్లూటో పక్కగా దూసుకుపోయింది, ఆగలేదు. అక్కడ ఒక ఏడాది అంటే మన 248 ఏళ్లు. 1989లో సూర్యుడికి అతి దగ్గరగా వచ్చి దూరమవుతున్న ప్లూటోలో గాలి త్వరలోనే గడ్డకట్టి నేల మీద పడిపోతుందని చాలామంది అనుకున్నారు. కానీ 1988కీ 2016కీ మధ్య పీడనం సుమారు మూడింతలైంది! ప్లూటో మీది స్పుత్నిక్ అనే మంచు మైదానంలోని నైట్రోజన్ మంచుకు ఎండ తగులుతూ ఉండటం, నేల తన వేడిని నెమ్మదిగా వదలడం ఇందుకు కారణాలు. 2020 జూన్ 6న నైనీతాల్ దగ్గరి దేవస్థల్‌లో 3.6 మీటర్ల, 1.3 మీటర్ల టెలిస్కోపులతో కొలిస్తే నేల దగ్గర పీడనం సుమారు 12.2 మైక్రోబార్లని (పీడనాన్ని కొలిచే ప్రమాణం) తేలింది. పెరుగుదల ఆగి నిలకడగా ఉందన్నమాట. మన సముద్రమట్టంలో అది దాదాపు 10 లక్షల మైక్రోబార్లు. ఇంత పల్చని గాలిలో మార్పు కనిపెట్టాలంటే ఏళ్ల తరబడి కొలుస్తూనే ఉండాలి.

ఇక పెద్ద టెలిస్కోపు ఉంటే చాలనే అపోహ. నీడ మన మీదుగా పోకపోతే ఏ టెలిస్కోపూ పనికిరాదు. గయా ఉపగ్రహం నక్షత్రాల స్థానాలను కచ్చితంగా ఇచ్చాకే ఆ దారి ముందుగా చెప్పడం నమ్మకంగా మారింది. గడియారం కూడా అంతే ముఖ్యం. ఒకసారి కంప్యూటర్ టైమ్‌ను జీపీఎస్‌తో సరిచూడకుండానే రికార్డింగ్ మొదలుపెట్టాను. ఆకాశం నిర్మలంగా ఉంది, గీత అందంగా వచ్చింది. తెల్లారాక చూస్తే రెండు సెకన్ల తేడా. నీడ సెకనుకు 20 కిలోమీటర్లు పరుగెడుతుంది కాబట్టి అది 40 కిలోమీటర్ల తప్పు. వేరే ఊళ్లో చూసినవాళ్ల గీతతో మాది కలవలేదు. అప్పటినుంచి రికార్డింగ్‌కు ముందూ తర్వాతా జీపీఎస్ టైమ్ చూసి, నోట్‌బుక్కులో చేత్తో రాసుకుంటున్నాను.