బలి: పోతుకూ పన్నుకూ ఒకటే మాట

గోదావరి డెల్టా పల్లెల్లో పిల్లాడికి అంతుపట్టని జ్వరం వచ్చినా, పాడిగేదె ఉన్నట్టుండి కూలబడినా ఇప్పటికీ ఎవరో ఒకరు ‘చిల్లంగి’ (చేతబడి) అంటారు. ఆ మాట పుట్టాక చూపించడానికి ఒక మనిషి కావాలి. చాలాసార్లు ఆ మనిషి ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మే అవుతుంది, లేదంటే వెనకాముందూ ఎవరూ లేని కూలి మనిషి. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం తెలుగు నేల ఎరిగిన శిక్షే. దీన్ని మూఢనమ్మకం అని ఒక్క మాటతో తోసేయడం నాకు సరిగా అనిపించదు. దీని వెనక చాలా పాత పద్ధతి ఉంది. గుడికీ, గద్దెకూ కూడా అందులో వాటా ఉంది.

‘బలి’ అనే మాటనే చూడండి. వేదకాలంలో దేవుడికి పెట్టే నైవేద్యమూ బలే, రాజుకు కట్టే కప్పమూ బలే. అశోకుడు పట్టాభిషేకమైన 20 ఏళ్లకు లుంబిని వెళ్లి, బుద్ధుడు పుట్టిన ఊరు కాబట్టి దానికి ‘బలి’ మాఫీ చేశానని, పంటలో ఎనిమిదో భాగం ఇస్తే చాలని రాతి స్తంభం మీద రాయించాడు. అక్కడ బలి అంటే అచ్చంగా పన్నే.

ఐతరేయ బ్రాహ్మణం అనే వేద గ్రంథంలో శునశ్శేపుడి కథ ఉంది. చదివిన ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. కొడుకు పుడితే నీకే ఇస్తానని హరిశ్చంద్రుడు వరుణుడికి మొక్కుకున్నాడు. రోహితుడు పుట్టాక ఇదిగో అదిగో అంటూ వాయిదాలు వేశాడు. పెద్దవాడైన రోహితుడు అడవికి పారిపోయాడు, రాజుకు పొట్ట ఉబ్బే జబ్బు పట్టుకుంది. రోహితుడికి అడవిలో ఆకలితో మాడుతున్న అజీగర్తుడు కనిపించాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాణ్ణి తండ్రి వదలనన్నాడు, చిన్నవాణ్ణి తల్లి వదలనంది. మధ్యవాడు శునశ్శేపుడు 100 ఆవులకు అమ్ముడుపోయాడు. వాణ్ణి స్తంభానికి కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే, ఇంకో 100 ఆవులు తీసుకుని తండ్రే కట్టాడు. నరకడానికి మరో 100 అడిగాడు. చివరికి దేవతలను వేడుకుంటే కట్లు వీడి పిల్లవాడు బతికాడు, రాజు జబ్బూ నయమైంది. రాజు పడ్డ బాకీ పేదవాడి నడిమి కొడుకు మెడకు చుట్టుకున్న ఈ కథను రాజసూయంలో, రాజుకు అభిషేకం జరిగే సందర్భంలోనే వినిపించాలని ఆ గ్రంథమే చెబుతుంది.

డెల్టాలో చర్చి లేని ఊరు తక్కువ, కాబట్టి బైబిల్లోని లేవీయకాండం 16వ అధ్యాయం ఇక్కడ చాలామందికి తెలుసు. యాజకుడు అహరోను మేక తల మీద రెండు చేతులూ పెట్టి, జనం పాపాలన్నీ ఒప్పుకుని, దాన్ని అడవిలోకి తోలించేస్తాడు. ఫ్రెంచి ఆలోచనాపరుడు రెనే జిరార్ 1972లో దీన్నంతా ఒక సిద్ధాంతంగా చెప్పాడు. తమలో తాము కొట్టుకుంటున్న జనం ఒక్కడి మీదికి తిరుగుతారు. వాడు పోయాక ఊరు చల్లబడుతుంది. ఆ చల్లదనం వాడి మహిమేనని నమ్మి తర్వాత వాణ్ణే కొలుస్తారు. చావు వాయిదా పడిన బలిపశువే తొలి రాజు అని కూడా అన్నాడు. అన్ని మతాలనూ ఈ ఒక్క మూసలో పోయడం కుదరదని నా అభిప్రాయం. కానీ అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు కట్ట నిలవడానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ అనే కోడలిని అక్కడివాళ్లు దేవతగా కొలవడం తలుచుకుంటే, జిరార్‌ను తేలిగ్గా తీసేయలేను.

మన జాతరల్లో ఇది ఇంకా విప్పి కనిపిస్తుంది. కలరాను ‘మరిడి’ అనేవాళ్లు, పెద్దాపురం మరిడమ్మ పేరులో ఆ భయం ఇంకా ఉంది. జబ్బు కాలవనీళ్లలో వస్తోందని తెలియని రోజుల్లో ఊరంతా చందాలేసుకుని దున్నపోతును కొట్టేవాళ్లు. తెగిన తల నోట్లో దాని ముందరికాలే పెట్టి, తల మీద దీపం వెలిగించేవాళ్లు. నెత్తురు కలిపిన అన్నం, అంటే పొలి, రాత్రివేళ పొలిమేర చుట్టూ చల్లేవాళ్లు. పొరుగూరివాళ్లు ఆ పొలి ఎత్తుకుపోతే ఊరి కలిమి పోతుందని కర్రలు, కత్తులతో కాపలా ఉండేది. ఎవరి హద్దు ఎక్కడిదాకా, ఎవరు ఎంత ఇవ్వాలి, మొదటి మర్యాద ఎవరికి అన్నది ఆ రాత్రే తేలిపోయేది. నా దృష్టిలో అది ఒక రాత్రి ప్రభుత్వం.

ఆ పోతు ఎవరు? 20వ శతాబ్దం మొదట్లో తెలుగునాట తిరిగిన మిషనరీలు ఒక కథ రాసుకున్నారు. ఒక దళితుడు కులం దాచి బ్రాహ్మణ పిల్లను పెళ్లాడాడు. నిజం తెలిసి ఆమె కాలిపోయి అమ్మవారైంది, అతను దున్నపోతుగా పుట్టాడు. ప్రతి జాతరలో అతని కాలు అతని నోట్లోనే పెడతారు. పోతును నరికే పని, పొలి మోసే పని కూడా దళితులకే అప్పగించారు. కులం గీత దాటితే ఏమవుతుందో ఏటా ఊరి నడుమ చూపించడం ఇది. దీన్ని భక్తి అని ఊరుకోవడం నావల్ల కాదు.

1950లో మద్రాసు రాష్ట్రం జంతు, పక్షి బలుల నిషేధ చట్టం తెచ్చింది. గోదావరి జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి, ఆంధ్ర విడిపోయాక కూడా చట్టం కొనసాగింది. చాలాచోట్ల పోతు బదులు గుమ్మడికాయ వచ్చింది, నెత్తురు బదులు కుంకుమ నీళ్లు వచ్చాయి. చిల్లంగి ముద్ర పడిన ఇంటికి మాత్రం బదులు ఏమీ రాలేదు. ఆ ఇంటి పిల్లలకు సంబంధాలు కుదరవు, బోరింగు దగ్గర బిందె పెట్టనివ్వరు, కూలికి పిలవరు. కొన్నాళ్లకు ఇల్లు వదిలి, ఏ హద్దు వెంట పొలి చల్లారో ఆ హద్దు దాటి వెళ్లిపోతారు.