ఎల్‌ఆర్‌ఎస్: పార్కు అమ్ముకున్నది ఒకరు, ఫీజు కట్టేది ఇంకొకరు

తెలంగాణలో ఎల్‌ఆర్‌ఎస్ గొడవ మళ్లీ రాజుకుంది. ఎల్‌ఆర్‌ఎస్ అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను ఫీజు తీసుకుని క్రమబద్ధీకరించే పథకం. గడువు పెంచాలా, రాయితీ ఇవ్వాలా, అసలు ఫీజే వద్దా అని ప్రతిసారీ ఇదే వాదన. 2007లో, 2015లో వచ్చిన పథకాల సంగతి ప్లాటు ఉన్న ప్రతి ఇంట్లో తెలిసిందే కాబట్టి అంత వెనక్కి వెళ్లను. ఆ రోజుల్లో ఎల్‌ఆర్‌ఎస్ కట్టనివాళ్లు ఇల్లు కట్టుకోవడానికి ఇబ్బంది పడ్డారేమో గానీ, అవసరం వస్తే ప్లాటు అమ్ముకోగలిగారు. ఆ దారి మూసుకుపోయిన తేదీ 2020 ఆగస్టు 26. ఇవాళ్టి తగాదా అంతా అక్కడినుంచే.

అనుమతి లేని లేఅవుట్లలో ప్లాట్లు రిజిస్టర్ చేయొద్దని ఆ రోజు సబ్ రిజిస్ట్రార్లకు ఆదేశాలు వెళ్లాయి. 2018 పంచాయతీరాజ్ చట్టంలో, 2019 మున్సిపాలిటీల చట్టంలో ఆ నిషేధం ముందే ఉంది. ఉన్నా ఎవరూ పట్టించుకోలేదు, రిజిస్ట్రేషన్లు జరుగుతూనే వచ్చాయి. ఆదేశాలు వెళ్లిన ఐదు రోజులకు, ఆగస్టు 31న, క్రమబద్ధీకరణ పథకంతో జీవో 131 వచ్చింది. ముందు అమ్మకం ఆపారు, ఆ తర్వాత ఫీజు చెప్పారు. ఈ వరసను బట్టే, అమ్మకం ఆపింది ఫీజు రాబట్టడానికేనని జనానికి అనుమానం వచ్చింది, అది తప్పని కొట్టిపారేయడం కష్టం.

దెబ్బ పడింది ఎవరికి? ఎక్కువమంది ‘జీపీ లేఅవుట్’ (గ్రామ పంచాయతీ ఇచ్చిన లేఅవుట్) అని బ్రోచర్‌లో చదివి, సర్పంచ్ ముద్ర చూసి, పాత లావాదేవీలు, తాకట్లు చూపే ఈసీ తీయించుకుని కొన్నవాళ్లే. 2002 నిబంధనల ప్రకారమే టౌన్ ప్లానింగ్ వాళ్ల సాంకేతిక ఆమోదం లేకుండా పంచాయతీ సొంతంగా లేఅవుట్ ఇవ్వకూడదు. ఆ సంగతి వెంచర్ వేసినవాడికి తెలుసు, పంచాయతీకి తెలుసు. నూరు, నూటయాభై గజాలు కొనుక్కున్న చిరుద్యోగికి ఎవరు చెప్పారు? అతని దగ్గర స్టాంపు డ్యూటీ, మిగతా చార్జీలు కలిపి అప్పటి లెక్కన 6 శాతం తీసుకుని డాక్యుమెంట్ చేతికిచ్చింది ప్రభుత్వ ఆఫీసే. రిజిస్ట్రేషన్ అంటే లావాదేవీ నమోదు మాత్రమే, లేఅవుట్‌కు అనుమతి కాదని అధికారులు అంటారు. చట్టం ప్రకారం ఆ మాట నిజమే.

అసలు బరువు క్రమబద్ధీకరణ చార్జీ కాదు, దాని పక్కనున్న 14 శాతం. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పార్కుకి, ఖాళీ జాగాకి కొంత భూమి వదిలి, వెంచర్ యజమాని దాన్ని ఊరికి గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. అనుమతి లేని చోట ఆ జాగాను కూడా ప్లాట్లు కొట్టి అమ్మేశారు. ఆ లోటుకి పరిహారంగా ప్లాటు విలువలో 14 శాతం కట్టమన్నది కొన్నవాళ్లని. ఉదాహరణకి గజం పదివేల చొప్పున 200 గజాలైతే విలువ 20 లక్షలు, అందులో 2 లక్షల 80 వేలు లేని పార్కు కోసమే పోతాయి. ఆ డబ్బుతో స్థానికంగా రోడ్లు, డ్రైనేజీ వేస్తామన్నది ప్రభుత్వ వివరణ. పార్కు అమ్ముకున్నవాడి జోలికి మాత్రం ఎవరూ వెళ్లలేదు.

మొదటి జీవోలో చార్జీలను నాటి మార్కెట్ విలువ మీద లెక్కేశారు. గగ్గోలు పుట్టాక సెప్టెంబర్‌లో జీవో 135తో ప్లాటు కొన్ననాటి విలువకు మార్చారు. అక్టోబర్ 31 గడువు ముగిసేసరికి 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. తలా వెయ్యి రూపాయలనుకున్నా దరఖాస్తు రుసుమే 250 కోట్లు దాటింది. ఆ తర్వాత వ్యవహారం కోర్టుకెక్కింది, ఫైళ్లు ఏళ్ల తరబడి కదల్లేదు.

రాజకీయం గురించి రెండు ముక్కలు చాలు. ప్రతిపక్షంలో ఉండగా ఉచితంగా చేస్తామన్న కాంగ్రెస్, అధికారంలోకి వచ్చాక ఫీజుతోనే ముందుకెళ్లింది. పథకం తెచ్చిన బీఆర్‌ఎస్ 2024 మార్చిలో అదే ఫీజు మీద ధర్నాలు చేసింది.

2025లో 25 శాతం రాయితీ ప్రకటించి మార్చి 31 గడువు పెట్టారు. అది ఏప్రిల్ 30కి, అక్కణ్నుంచి ఇంకా ముందుకి జరిగింది. అందరూ రాయితీ గురించే మాట్లాడుకున్నారు గానీ, దానితోపాటు వచ్చిన ఇంకో సడలింపును గమనించినవాళ్లు తక్కువ. 2020 ఆగస్టు 26 నాటికి లేఅవుట్‌లో కనీసం 10 శాతం ప్లాట్లు రిజిస్టర్ అయి ఉంటే, అమ్ముడుపోని మిగతా ప్లాట్ల క్రమబద్ధీకరణకూ దారి తెరిచారు. అగ్రిమెంట్ మీద కొని ఇరుక్కున్నవాళ్లకు ఇది ఊరటే, కాదనను. కానీ వంద ప్లాట్లలో పది అమ్మి తొంభై పట్టుకు కూర్చున్నవాడికి అంతకన్నా పెద్ద ఊరట.

ఇక్కడ 2020 డిసెంబర్‌కి ఒకసారి వెనక్కి వెళ్లాలి. ఆ నెల 29న, ఆగస్టు 26కి ముందే ఒకసారి రిజిస్టర్ అయిన ప్లాట్లను తిరిగి అమ్ముకోవచ్చని వెసులుబాటు ఇచ్చారు. దాంతో తొందర తగ్గింది. చాలామంది ఎల్‌ఆర్‌ఎస్ కట్టకుండానే అమ్మేసి బయటపడ్డారు. వాళ్ల దగ్గర కొన్నవాళ్లు ఇంటి పర్మిషన్‌కి వెళ్లినప్పుడు గానీ ఆ బాకీ తమ నెత్తిన పడిందని తెలుసుకోలేదు.

ఇప్పుడు ఎక్కువ టెన్షన్‌లో ఉన్నది చెరువుల పక్కన ప్లాట్లున్నవాళ్లు. చెరువుకి 200 మీటర్ల లోపలి దరఖాస్తులకు రెవెన్యూ, ఇరిగేషన్ శాఖల నిరభ్యంతర పత్రం కావాలి. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు), బఫర్ (దాని చుట్టూ కట్టడాలు ఉండకూడని జాగా) అన్న మాటలు వింటేనే బ్యాంకులు, కొనేవాళ్లు వెనకడుగు వేస్తున్నారు. వీళ్లూ 2020లో అందరిలాగే వెయ్యి రూపాయలు కట్టి రసీదు తీసుకున్నవాళ్లే.