పాత కుండీ, బ్లీచింగ్ నీళ్లు, వాగులో చెలమ

దేవరకొండ నుంచి ఒకామె అడిగారు. మిద్దె మీద కుండీల్లో టమాట నారు మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోయిందట, మట్టి పారబోసి కుండీలు బ్లీచింగ్ నీళ్లతో కడిగి మళ్లీ విత్తినా అదే వరస, ఇంట్లోవాళ్లు దిష్టి అంటున్నారు, నిజమేనా అని. దిష్టి కాదమ్మా, నారుకుళ్లు. మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు చేసే పని. పిథియం మందపాటి గోడ ఉన్న సిద్ధబీజాలుగా మారి, కుండీకి అంటుకున్న ఎండు వేరు ముక్కలో కూడా చాలాకాలం బతుకుతుంది. కొత్త మట్టితోనూ రావచ్చు, నీళ్లు ఎక్కువైతే ఇంకా పెరుగుతుంది. కానీ నన్ను పట్టుకున్నది ఆ బ్లీచింగ్ ఎందుకు పని చేయలేదన్న ప్రశ్న.

బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపితే క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది: హైపోక్లోరస్ ఆమ్లం, హైపోక్లోరైట్ అయాను. చంపే పనిలో పెద్ద వాటా ఆమ్లానిదే. దానికి విద్యుదావేశం లేదు, సూక్ష్మజీవి పొరలోంచి సులువుగా దూరిపోతుంది. అయానుది రుణావేశం, సూక్ష్మజీవి పైభాగానిదీ మామూలుగా రుణావేశమే, కాబట్టి దూరంగా నెట్టేస్తుంది. పీహెచ్ (నీళ్లు ఆమ్లమా, క్షారమా చెప్పే కొలత) 7.5 దగ్గర రెండూ సగం సగం. 8.5కి వెళ్తే ఆమ్లం 9 శాతమే. పౌడర్‌లో సున్నం ఉంటుంది కదా, చిక్కగా కలిపిన నీళ్ల పీహెచ్ 10 దాటుతుంది, అక్కడ ఆమ్లం ఒక శాతం కూడా ఉండదు.

మరి ఎలా పని చేస్తుంది? వాగు ఇసుకలో చెలమ తోడి చూడండి. గుంటలో కనిపించేది రెండు చెంబుల నీళ్లే, ముంచేకొద్దీ పక్క ఇసుకలోంచి ఊరుతూనే ఉంటాయి. ఇసుకలోని నీళ్లు హైపోక్లోరైట్, గుంటలోవి ఆమ్లం. ఆమ్లం ఖర్చవగానే అయానులో కొంత ఆమ్లంగా మారి లోటు పూడుస్తుంది. గుంటలో మట్టం ఎప్పుడూ తక్కువే కాబట్టి పని నెమ్మది, అందుకే కుండీని అలా ముంచి తీయకుండా అరగంట నానబెట్టాలి. ఇక ఆ చెలమలోకి ముందే పశువులు దిగితే మనకేం మిగలదు. క్లోరిన్‌కు పిథియం, పేడ ముక్క అన్న తేడా తెలియదు. కుళ్లిన వేరు, కంపోస్టు, పాచి, దేంతోనైనా కలిసి ఖర్చయిపోతుంది. మట్టి అంటిన కుండీని నేరుగా బ్లీచింగ్‌లో వేస్తే క్లోరిన్ మట్టికే చాలదు. కాబట్టి ముందు కొబ్బరి పీచుతో రుద్ది కడగడమే అసలు పని.

బ్లీచింగ్ పౌడర్ తయారీ సమీకరణం పదో తరగతి పిల్లలు బట్టీ పడతారు. ప్యాకెట్ విప్పి, రెండు గ్లాసుల నీళ్లలో వేసి, ఒకదాంట్లో చిటికెడు పెంటమట్టి కలిపి వాసన ఎందుకు తగ్గిందో చూపించరు, నాకు ఎంత బాధో. తాగునీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి (NEERI) రూపొందించి మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ టెక్నిక్‌లో కూడా పటిక, సున్నంతో పాటు సూక్ష్మజీవుల కోసం బ్లీచింగ్ పౌడర్ వేస్తారు.

మట్టి కుండీ బయట తెల్లటి పొర సంగతి. బోరు నీళ్లు గోడలోంచి చెమర్చి ఆవిరవుతుంటే కాల్షియం లవణాలు అక్కడే పేరుకుంటాయి. ఆ పొర కింద దాక్కున్నదాన్ని బ్లీచింగ్ తాకలేదు. పిండేసిన నిమ్మచెక్కతో రుద్దితే సన్నగా బుస్సుమని బుడగలొస్తాయి, అది కార్బన్ డయాక్సైడ్. తర్వాత శుభ్రంగా కడగాలి, ఎందుకంటే ఆమ్లం పెంచితే పవర్ పెరుగుతుంది కదా అని నిమ్మరసమో వెనిగరో బ్లీచింగ్‌లో కలిపితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. ఊపిరితిత్తులకు ప్రమాదం, పొరపాటున కూడా కలపకండి.

10 లీటర్ల బకెట్‌కు 150 గ్రాముల తాజా పౌడర్, చేతులకు గ్లౌజులు, పైకి తేరిన నీళ్లు మాత్రమే. గాలి ఆడే చోట, నీడలో నానబెట్టండి, ఎండ తగిలితే క్లోరిన్ త్వరగా విరిగిపోతుంది. నానాక ప్లాస్టిక్ కుండీని మంచినీళ్లతో కడిగేస్తే చాలు. మట్టిదైతే రంధ్రాల్లో పీల్చుకుంటుంది, ఓ పూట మంచినీళ్లలో నానబెట్టి, ఎండలో వాసన పోయేదాకా ఉంచాలి. దేవరకొండ ఆమె ప్యాకెట్ ఎప్పుడు విప్పారో రాయలేదు. విప్పి నెలల తరబడి ఉంచితే గాలికి, తేమకి క్లోరిన్ పోయి సున్నపు పొడే మిగులుతుంది, ముక్కుకు ఘాటు తగలకపోతే కొత్తది తెచ్చుకోండి.