టీకా, జీబీఎస్: 1976లో పడ్డ ముడి

ఆర్‌ఎస్‌వీ అనే శ్వాసకోశ వైరస్‌ను అడ్డుకునే రెండు టీకాల లేబుళ్లపై గులియన్ బారే సిండ్రోమ్ (జీబీఎస్), అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత నరాలనే దెబ్బతీసి కాళ్లూచేతులూ చచ్చుబడేలా చేసే జబ్బు, హెచ్చరిక చేర్చాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 జనవరిలో ఆదేశించడంతో, టీకాలతో జీబీఎస్ వస్తుందా అన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది. ‘చూశారా, ఒప్పుకున్నారు’ అని ఒక పక్షం అంటోంది. అందులో ఒప్పుకున్నది ఇంతే: 65 దాటినవాళ్లలో పది లక్షల డోసులకు ఒక టీకాతో 9, ఇంకోదానితో 7 అదనపు కేసులు ఉండొచ్చని అంచనా. టీకాయే కారణమని చెప్పడానికి ఆధారాలు చాలవని ఎఫ్‌డీఏ అదే ప్రకటనలో చెప్పింది.

ఈ అనుమానానికి వేళ్లు 1976లో ఉన్నాయి. అమెరికాలోని ఫోర్ట్ డిక్స్ సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూ బయటపడటం, దేశమంతటికీ టీకా వేయిస్తామని అధ్యక్షుడు ఫోర్డ్ ప్రకటించడం తెలిసిన కథే. ఆ ఆగస్టులో జరిగింది మాత్రం చాలామంది మర్చిపోయారు. పరిహారం కేసులు పడితే భరించలేమని బీమా కంపెనీలు ముందే తప్పుకున్నాయి. దాంతో ఆ భారం ప్రభుత్వమే నెత్తికెత్తుకుంటూ చట్టం చేసింది. మొదటి సూది పడకముందే అనుమానానికి చోటు దొరికిందన్నమాట.

అక్టోబర్ 1న టీకాలు మొదలయ్యాయి. నవంబర్‌లో మిన్నెసోటాలో ఒక డాక్టర్ తన పేషెంట్ గురించి ఆరోగ్య అధికారులకు చెప్పారు. టీకా తర్వాత కాళ్లు చచ్చుబడి, పక్షవాతం పైకి పాకుతోంది. దీనికీ ఫ్లూ టీకాకీ లంకె ఉండొచ్చని ఆయన అంతకు కొద్దిరోజుల ముందే విన్నారు, ఫ్యామిలీ డాక్టర్ల కోసం తయారుచేసిన ఒక క్యాసెట్‌లో. ఆ క్యాసెట్ వినకపోతే ఆ కేసు ఫైల్లోనే ఉండిపోయేదేమో. వెతకడం మొదలయ్యాక మిగతా రాష్ట్రాల నుంచీ కేసులు వచ్చాయి. డిసెంబర్ 16న కార్యక్రమం ఆపేసేనాటికి సుమారు 4.5 కోట్ల మంది టీకా వేయించుకున్నారు.

వెతికితే దొరకవా మరి? ఏ టీకా లేకపోయినా ఏటా లక్షకు ఒకరిద్దరికి జీబీఎస్ వస్తూనే ఉంటుంది. విరేచనాలు తెప్పించే కాంపిలోబాక్టర్ అనే బ్యాక్టీరియా దీనికి బాగా రుజువైన కారణం. దాని పైపొర నరాల మీది కొవ్వు పదార్థాలను పోలి ఉండటంతో, రోగనిరోధక వ్యవస్థ పొరబడి సొంత నరాల మీద పడుతుంది. అలా మామూలుగా వచ్చేవన్నీ తీసేసినా 1976 టీకా లెక్కలో లక్షకు దాదాపు ఒక కేసు అదనంగా మిగిలింది. 2003లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ కూడా ఆధారాలు టీకావైపే చూపుతున్నాయంది. టీకాలో ఏ పదార్థం ఈ పని చేసిందో ఇప్పటికీ తేలలేదు. భయపడిన ఫ్లూ మాత్రం రానేలేదు. త్రాసులో ఒక తట్ట ఖాళీగా ఉండిపోయింది కాబట్టే రెండో తట్ట బరువు ఇంకా అందరికీ గుర్తుంది.

తర్వాతి ఫ్లూ టీకాల కథ వేరు. పది లక్షల డోసులకు అదనంగా ఒకటో రెండో కేసులు. కెనడాలోని ఒంటారియో రికార్డులు చూస్తే, ఫ్లూతో వైద్యానికి వెళ్లినవాళ్లలో ఈ ముప్పు పది లక్షలకు సుమారు 17, టీకా తర్వాత సుమారు 1. వాట్సాప్ ఫార్వర్డ్‌లలో ఈ రెండో అంకె ఒక్కటే తిరుగుతుంది.

1976లో అదనపు కేసులు ఎక్కువగా టీకా తర్వాతి ఆరు వారాల్లోపే కనిపించాయి. ఇప్పుడు ఆర్‌ఎస్‌వీ టీకాల లెక్క తీసిందీ అదే 42 రోజులకు. సీజనల్ ఫ్లూ టీకా తర్వాత వచ్చే జీబీఎస్‌ను అమెరికా 2017లో, టీకాతో నష్టపోయినవాళ్లకు ఇచ్చే పరిహార జాబితాలో చేర్చినప్పుడు పెట్టిన గడువూ అదే. జబ్బు 3 నుంచి 42 రోజుల మధ్య మొదలైతే టీకా వల్లేనని అనుకుంటారు. 43వ రోజున మొదలైతే, రుజువు చేసుకోవాల్సింది పేషెంటే.