చూసేకొద్దీ పెరిగే అనుమానం

స్టవ్ ఆపామో లేదో అని అనుమానం వస్తే ఒకసారి వెళ్లి చూస్తాం. ఆపే ఉంటుంది. అక్కడితో అనుమానం తీరిపోతుంది. మరి ఓసీడీ (అక్కర్లేని ఆలోచనలు వెంటాడి, చేసిన పనే మళ్లీ మళ్లీ చేయించే మానసిక రుగ్మత) ఉన్నవాళ్లకు ఇరవైసార్లు చూసినా ఎందుకు తీరదు? ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. మతిమరుపనీ, చాదస్తమనీ చుట్టుపక్కలవాళ్లు సరిపెట్టుకుంటారు. దయ్యం పట్టిందనేవాళ్లూ, పూర్వజన్మ పాపమనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటలు నమ్మి ఏళ్లకేళ్లు వైద్యానికి దూరమైనవాళ్లను తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. జవాబు ఆ ప్రశ్నలోనే దాగుంది. ఇరవైసార్లు చూడబట్టే తీరదు.

2003లో నెదర్లాండ్స్‌కు చెందిన మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ సంగతిని తేల్చారు. ఓసీడీ లేని మామూలు మనుషులను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద కనిపించే గ్యాస్ స్టవ్ బర్నర్లను వెలిగించి, ఆర్పి, ఆరాయో లేదో చూడమన్నారు. ఒక గుంపు ఆ పనే 20 సార్లు చేసింది. రెండో గుంపు మధ్యలో 20 సార్లూ స్టవ్ బదులు లైట్లు చూసుకుంది. చివర్లో రెండు గుంపులచేతా మరోసారి స్టవ్ చూపించి, దాని గురించే అడిగారు: ఆఖరిసారి ఏ బర్నర్లు చూశారు? ఎంత స్పష్టంగా గుర్తుంది? ఆ జ్ఞాపకం మీద మీకెంత నమ్మకం? మొదటి ప్రశ్నకు రెండు గుంపులూ సమానంగానే సరైన జవాబులు చెప్పాయి. మిగతా రెండింటి దగ్గర తేడా వచ్చింది. స్టవ్‌నే పదేపదే చూసినవాళ్ల జ్ఞాపకం మసకబారింది, దాని మీద నమ్మకం పడిపోయింది. తెర మీది బొమ్మ కాబట్టి అలా జరిగిందేమోనన్న సందేహం 2006లో తీరింది. ఆ ఏడాది కెనడాలోని మాంట్రియల్‌లో నిజమైన వంటగది స్టవ్‌తో చేసినా ఫలితం అదే.

ఎందుకిలా? తడి ఇసుక మీద ఒక మనిషి ఒక్కసారి నడిచి వెళ్తే ప్రతి అడుగూ అచ్చు గుద్దినట్టు పడుతుంది. బొటనవేలు ఎక్కడ నొక్కుకుందో, మడమ ఎంత లోతుకు దిగిందో చూసి చెప్పొచ్చు. అదే మనిషి అదే దారిలో ఇరవైసార్లు తిరిగితే ఇసుకంతా చిందరవందర అవుతుంది. ఎవరో నడిచారన్నది ఖాయం. కానీ ఆఖరిసారి పడిన అడుగు ఏదో చూపించమంటే చూపించలేం. మొదటిసారి నాబ్ తిప్పినప్పుడు దాని మీది గీత ఎటు తిరిగింది, మంట టప్పుమని ఎలా ఆరింది, వేళ్లకు ఎంత వెచ్చగా తగిలింది అన్నవన్నీ మనసులో ముద్ర పడతాయి. ఇరవయ్యోసారికి ఆ పని చేతికి అలవాటైపోయి, మనసు వివరాలను పట్టుకోవడం మానేస్తుంది. పైగా పాత ముద్రలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. అప్పుడు మనిషి వింత స్థితిలో చిక్కుకుంటాడు: ఆపానని తెలుసు, ఆపినట్టు గుర్తు లేదు. ‘తెలుసు’కూ ‘గుర్తుంది’కీ మధ్యనున్న ఆ సందులోకే ఓసీడీ దూరుతుంది. గుర్తు రాకపోవడాన్ని అతను ప్రమాదానికి గుర్తుగా తీసుకుని మళ్లీ వంటగదిలోకి వెళ్తాడు. ఇసుక ఇంకాస్త చెదురుతుంది.

ఈ లెక్క స్టవ్‌తో ఆగదు. కదలకుండా కూర్చుని ‘నేను ఆపానా’ అని మనసులోనే పదేపదే నెమరేసుకున్నా నమ్మకం అలాగే తగ్గుతుందని 2010 నాటి మరో ప్రయోగం చూపించింది. ఒకే వస్తువును రెప్పవాల్చకుండా చాలాసేపు చూస్తే, చూస్తున్నది నిజమేనా అన్న అనుమానం పుడుతుంది. ఏదైనా ఒక మాటను యాభైసార్లు పైకి అని చూడండి, అర్థం జారిపోయి ఉత్త చప్పుడు మిగులుతుంది. చేతులు కడిగేవాళ్ల కష్టమూ ఇదే. మామూలు మనిషి మురికి పోయిందని కంటికి కనిపించగానే కుళాయి కట్టేస్తాడు. ఓసీడీ ఉన్న మనిషి ‘ఇప్పుడు శుభ్రమైంది’ అని లోపల అనిపించేదాకా ఆగడు. రుద్దేకొద్దీ మొద్దుబారేది ఆ అనిపించడమే. ‘ఏం కాలేదు కదా?’ అని ఇంట్లోవాళ్లను అడిగేవాళ్లూ అంతే. పదోసారి విన్న ‘ఏం కాలేదు’లో బలమేమీ మిగలదు.

అన్నిటికంటే బాధపెట్టేది కంటికి కనిపించని రకం. పసిబిడ్డకు పాలిస్తున్న తల్లికి ‘బిడ్డను కింద పడేస్తానేమో’ అన్న ఆలోచన మెరుపులా వస్తుంది. ఇలాంటి ఆలోచనలు మామూలు మనుషుల్లో అత్యధికులకు వచ్చిపోతుంటాయని 1978 నుంచీ పరిశోధనలు చెబుతున్నాయి. ఓసీడీ ఉన్న తల్లి దాన్ని పోనివ్వలేకపోతుంది. తనకు బిడ్డ మీద ప్రేమ ఉందో లేదో లోపలికి తొంగి చూసి పరీక్షించుకుంటుంది. పదేపదే తొంగి చూస్తే ఆ ప్రేమ కూడా మసకగానే కనిపిస్తుంది. ఆమె హడలిపోతోందంటే, ఆ ఆలోచన ఆమె స్వభావానికి పూర్తిగా వ్యతిరేకమని అర్థం. అలాంటి తల్లి ఈ మాట డాక్టరుకు నిర్భయంగా చెప్పుకోవచ్చు. కానీ ఆ ఆలోచన ఆమెకు సబబుగానే తోస్తున్నా, మాటలు వినిపిస్తున్నా, లేనిపోనివి నిజమని నమ్ముతున్నా అది ఓసీడీ కాదు. ప్రసవం తర్వాత వచ్చే తీవ్రమైన మానసిక వ్యాధి కావచ్చు. తల్లినీ బిడ్డనీ ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మెదడు సంగతి క్లుప్తంగా. కంటిగూళ్ల పైనుండే మెదడు భాగం, ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్, ‘ఎక్కడో తేడా ఉంది’ అని సంకేతం పంపుతుంది. మెదడు లోపల ఉండే కాడేట్ అనే భాగం దాన్ని వడకట్టాలి, థాలమస్ అనే మరో భాగం తిరిగి కార్టెక్స్‌కు చేరవేస్తుంది. ఓసీడీలో ఈ వలయం అతిగా పనిచేస్తుంది, వడపోత సరిగ్గా జరగదు. 1992లో లూయిస్ బాక్స్‌టర్ బృందం పెట్ స్కాన్లతో (మెదడులో ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే స్కాన్లు) చేసిన అధ్యయనంలో మందుతో కోలుకున్నవాళ్లలోనూ, ప్రవర్తన చికిత్సతో కోలుకున్నవాళ్లలోనూ కుడి కాడేట్‌లో గ్లూకోజ్ వినియోగం తగ్గింది. మాటలతో, సాధనతో చేసే చికిత్స మెదడు దాకా చేరదనేవాళ్లకు ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఆ చికిత్స పేరు ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, పొట్టిగా ఈఆర్‌పీ. 1966లో లండన్‌లో విక్టర్ మేయర్ దీనికి దారి వేశాడు. భయాన్ని ఎదుర్కోవడం సగం, ఆ తర్వాత చూడాలనీ కడగాలనీ పుట్టే తహతహకు లొంగకపోవడం మిగతా సగం. ముందుగా భయాలకు 0 నుంచి 100 వరకు మార్కులు వేసి జాబితా రాస్తారు. ఇంట్లో మరొకరుండగా స్టవ్ ఆపి పక్క గదిలోకి రావడం 35, ఆపి పడుకోవడం 55, ఆఖరుగా ఇంట్లోంచి బయటపడేది తానే అయినప్పుడు తాళం వేసి వెళ్లిపోవడం 85, ఇలా. 35 దగ్గర మొదలుపెడతారు. నాబ్ ఒక్కసారి తిప్పాలి, మామూలు చూపు ఒక్కటి చూడాలి. ‘ఆఫ్’ అని పైకి అనకూడదు. లెక్కపెట్టకూడదు. బర్నర్ దగ్గర చెయ్యి పెట్టి చూడకూడదు. బయటికి వచ్చాక వెనక్కి తిరగకూడదు. వెళ్లేముందు ఏం జరుగుతుందని భయమో కాగితం మీద రాసుకోవాలి: ‘గంటలో ఇల్లు అంటుకుంటుంది. ఈ గుబులు రాత్రిదాకా తగ్గదు, నేను తట్టుకోలేను.’ తర్వాత పక్కనే జరిగింది రాయాలి. గుబులు చాలాసార్లు తనంతట తానే దిగుతుంది. దిగని రోజూ దండగ కాదు, దిగకపోయినా తట్టుకోగలనని ఆ రోజు తెలుస్తుంది. సెషన్ 60 నుంచి 90 నిమిషాలు, మొత్తం 12 నుంచి 20 సెషన్లు, మధ్యలో ప్రతిరోజూ ఇంటి దగ్గర సాధన. జాబితా నెమ్మదిగా ఎక్కినా ఫర్వాలేదు, రోజువారీ సాధన ఎగ్గొడితే మాత్రం చికిత్స నడవదు.

ఇది ఎక్కడ చెడుతుందో అనుభవమున్న థెరపిస్టులకు బాగా తెలుసు. స్టవ్ దగ్గరికి వెళ్లరు కానీ ఫోన్‌లో ఫొటో తీసుకుని దారిలో పదిసార్లు చూసుకుంటారు. లేదా నాబ్ తిప్పిన దృశ్యాన్ని మనసులో వెనక్కీ ముందుకీ తిప్పి చూసుకుంటారు. ‘డాక్టరుగారే చెయ్యమన్నారు కాబట్టి బాధ్యత ఆయనదే’ అని లోలోపల భారం దించేసుకుంటారు. ఇవన్నీ మారువేషంలో వచ్చిన కంపల్షన్లే, అంటే గుబులు తీర్చుకోవడానికి తప్పక చేసే పనులే. ఇంట్లోవాళ్లు ప్రేమ కొద్దీ చేసే సాయమూ జబ్బుకే మేత అవుతుంది. దాన్ని ఉన్నపళంగా ఆపేస్తే గొడవలవుతాయి కాబట్టి ముందే ఒప్పందం చేసుకోవాలి. ‘నీ గుబులు నాకు తెలుస్తోంది. ఈ ప్రశ్నకు జవాబు చెప్పకూడదని మనం అనుకున్నాం కదా. నువ్వు కాసేపు ఓర్చుకో, నేను పక్కనే ఉంటా’ అంటే చాలు.

మందుల్లో ముందు వాడేవి ఎస్ఎస్ఆర్ఐలు, అంటే మెదడులోని సెరటోనిన్ మీద పనిచేసే, డిప్రెషన్‌కూ వాడే మందులు. డిప్రెషన్‌కు చాలే మోతాదు ఇక్కడ తరచుగా చాలదు. ఫ్లూఆక్సెటిన్ 60 నుంచి 80 మిల్లీగ్రాములు, సెర్ట్రలిన్ 200 దాకా వెళ్లాల్సి రావచ్చు. పని చేస్తోందో లేదో తేల్చడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారంలోనే ‘లాభం లేదు’ అని మానేసేవాళ్లు చాలామంది. పాతకాలపు క్లోమిప్రమిన్ ఇప్పటికీ గట్టి మందే కానీ ఫిట్స్, గుండె లయ విషయంలో జాగ్రత్త కావాలి, ఈసీజీ తీసి చూసుకోవాలి.

2013లో మానసిక రుగ్మతల వర్గీకరణకు అమెరికా మనోవైద్యులు వాడే గ్రంథం డీఎస్ఎమ్-5 ఓసీడీని ఆందోళన రుగ్మతల నుంచి విడదీసి, దాని చుట్టాలతో కలిపి వేరే అధ్యాయంలో పెట్టింది. తన ముఖంలో లోపముందని గంటల తరబడి అద్దం చూసుకునే బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ దీనికి దగ్గర చుట్టం. రెప్పవాల్చకుండా చూసే సంగతిని గుర్తు చేసుకోండి. ముక్కును అంగుళం దూరం నుంచి అరగంట చూస్తే ఎవరి ముక్కైనా వింతగానే అనిపిస్తుంది. జుట్టు పీక్కునే ట్రైకోటిల్లోమేనియా మాత్రం దూరపు చుట్టం. అందులో తరచుగా అనుమానమే ఉండదు. చదువుతూనో టీవీ చూస్తూనో ఉండగా చెయ్యి దానంతట అదే తలమీదికి వెళ్తుంది. దానికి ఎస్ఎస్ఆర్ఐలు పెద్దగా పనిచేయవు, పనికొచ్చేది హ్యాబిట్ రివర్సల్. చెయ్యి పైకి లేస్తున్న క్షణాన్ని పసిగట్టి, పిడికిలి బిగించి ఒక నిమిషంపాటు ఒళ్లో ఉంచుకోవాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏ చేత్తో పీక్కున్నారో మొదటి వారమంతా రాసుకుంటే, ఆ క్షణం రెండో వారంలో కాస్త ముందుగానే దొరుకుతుంది.