అంచున రేగే కల్లోలం

గాలి నింపిన సైకిల్ ట్యూబు ఆకారంలో ఉండే టోకమాక్ యంత్రంలో కేంద్రక సంలీనం (తేలిక పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తినివ్వడం) ధారాళంగా సాగాలంటే నడిమి ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లూ అయాన్లూ విడివడి ఉన్న వేడి వాయువు, సుమారు 15 కోట్ల డిగ్రీల వేడికి చేరాలి. ఫ్రాన్స్‌లోని కడరాష్ వద్ద నిర్మాణంలో ఉన్న అంతర్జాతీయ టోకమాక్ ఈటర్‌లో ఆ నడిమి భాగానికీ లోహపు గోడకూ మధ్య దూరం దాదాపు 2 మీటర్లే. ఇంత కొద్ది దూరంలో ఇంతటి ఉష్ణోగ్రతా భేదాన్ని అయస్కాంత క్షేత్రం నిలబెట్టాలి. దాని పట్టు ఎంత గట్టిదో చాలావరకు తేలిపోయేది అంచున ఉన్న చివరి కొద్ది సెంటీమీటర్లలోనే.

విద్యుదావేశం గల కణం అయస్కాంత బలరేఖను చుట్టుకుంటూ ప్రయాణిస్తుంది. మరో కణంతో ఢీకొన్నప్పుడు కాస్త పక్కకు జరుగుతుంది. ఈ ఢీలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ప్లాస్మా చాలా నెమ్మదిగా బయటికి కారాలి. కొలిచి చూస్తే, ముఖ్యంగా ఎలక్ట్రాన్లు మోసుకుపోయే వేడి విషయంలో, ఆ కారుదల అంచనాను ఎన్నో రెట్లు మించిపోయింది. దీనికి ‘అసంగత రవాణా’ అని పేరు పెట్టారు. ఇంచుమించు ప్రతి యంత్రంలోనూ కనిపించేదాన్ని అసంగతం అనడం నాకు వింతగానే తోస్తుంది. అసలు కారణం కల్లోలం. వేడిగా, చిక్కగా ఉన్న లోపలి ప్లాస్మాకూ పలచని బయటి ప్లాస్మాకూ ఉన్న పీడన భేదం చిన్న చిన్న తరంగాలకు శక్తినిస్తుంది; వాటి విద్యుత్ క్షేత్రాలు ప్లాస్మాను సుడులు తిప్పుతాయి; ఒక్కో సుడీ వేడిని బయటికి, చల్లదనాన్ని లోపలికి మోస్తుంది.

అంచు అనే మాటకు ఇక్కడ కచ్చితమైన అర్థం ఉంది. లోపలి బలరేఖలు ఒకదానిలో ఒకటి ఇమిడిన ఉపరితలాల మీద బయటపడే దారి లేకుండా తిరుగుతుంటాయి. చివరి మూసిన ఉపరితలాన్ని దాటిన రేఖలు మాత్రం నేరుగా డైవర్టర్ అనే లోహపు పలకలకు చేరతాయి. ఆ సరిహద్దు దాటిన ప్లాస్మా సమంగా, మెల్లగా వ్యాపిస్తుందని మొదట్లో అనుకునేవారు. ప్లాస్మాలో ముంచిన సన్నని లోహపు శలాకలు వేరే కథ చెప్పాయి: కాసేపు దాదాపు నిశ్శబ్దం, అంతలో ఒక పెద్ద ఉప్పెన. భారతదేశపు ఆదిత్య టోకమాక్ పరిశోధకులు అంచు కల్లోలంలోని ఈ తెరలుతెరల స్వభావాన్ని 1992లోనే ప్రచురించారు. తర్వాత అతివేగ కెమెరాలు ఆ ఉప్పెనల రూపాన్ని చూపించాయి. అవి చుట్టుపక్కల కన్నా చిక్కనైన ప్లాస్మా ముద్దలు. అడ్డంగా కొలిస్తే సెంటీమీటర్ల పరిమాణం, బలరేఖ పొడవునా మాత్రం మీటర్ల కొద్దీ సాగిన తాళ్ల వంటివి.

ఈ ముద్దలు బయటికే ఎందుకు పరుగెత్తుతాయి? ట్యూబు వెలుపలి వైపుకు పోయేకొద్దీ అయస్కాంత క్షేత్రం బలహీనపడుతుంది. ఆ తేడా వల్ల, క్షేత్రపు వంపు వల్ల అయాన్లు ఒక దిక్కుకు, ఎలక్ట్రాన్లు దానికి ఎదురుదిక్కుకు మెల్లగా జరుగుతాయి. ఫలితంగా ముద్ద పైభాగానా కిందిభాగానా వ్యతిరేక ఆవేశాలు పోగవుతాయి, వాటి మధ్య విద్యుత్ క్షేత్రం పుడుతుంది, అది అయస్కాంత క్షేత్రంతో కలిసి ముద్ద మొత్తాన్ని సెకనుకు వందల మీటర్ల వేగంతో గోడవైపు నెడుతుంది. ముద్ద తన బండిని తానే తోసుకుంటున్నట్టే.

1982లో జర్మనీలోని ఆస్డెక్స్ టోకమాక్ యంత్రంపై ఫ్రిట్జ్ వాగ్నర్, ఆయన సహచరులు ఎదురుచూడని మార్పును గమనించారు. వేడిచేసే శక్తి ఒక హద్దు దాటగానే అంచున కల్లోలం హఠాత్తుగా అణగి, ప్లాస్మా వేడిని పట్టి ఉంచే కాలం సుమారు రెట్టింపైంది. దీన్నే హెచ్-మోడ్ అంటారు. సరిహద్దుకు కొంచెం లోపల బలమైన విద్యుత్ క్షేత్రం ఏర్పడి, పక్కపక్క పొరలను వేర్వేరు వేగాలతో పరుగెత్తిస్తుంది. సుడి పెరిగేలోపే సాగి చిరిగిపోతుంది. చిత్రమేమిటంటే, సుడులను చీల్చే ప్రవాహాల్లో కొన్నింటిని ఆ సుడులే పుట్టిస్తాయి. ఈ మార్పుకు మొదటి తోపు ఎక్కడిదన్న చర్చ ఇంకా ముగియలేదు.

అయితే లోపల కల్లోలం అణగితే బయట మరో చిక్కు తలెత్తుతుంది. సరిహద్దు దాటిన వేడి పక్కలకు విస్తరించకపోతే, సన్నని పట్టీగా డైవర్టర్ మీద పడుతుంది. నేటి యంత్రాల కొలతలను పొడిగిస్తే ఈటర్‌లో ఆ వేడి పొర మందం సుమారు 1 మిల్లీమీటరు అవుతుందని అంచనా. పలకలు నిరంతరంగా తట్టుకోగలిగేది చదరపు మీటరుకు 10 మెగావాట్ల మేర; సూర్యుడి ఉపరితలం వెలువరించేది సుమారు 63. అందుకే లోపల వద్దనుకున్న కల్లోలమే బయట కావాలనిపిస్తుంది. ప్రిన్స్‌టన్ ప్లాస్మా భౌతిక ప్రయోగశాల నేతృత్వంలో సూపర్ కంప్యూటర్‌పై చేసి 2017లో ప్రచురించిన లెక్కలు, ఈటర్ అంచున కల్లోలం తీరే మారి ఆ మందం 6 మిల్లీమీటర్ల దాకా పెరగవచ్చని చూపాయి. ఈటర్‌లో కొలిచి చూసేదాకా ఇది అంచనాయే. పైగా విస్తరణ మితిమీరితే ముద్దలు డైవర్టర్‌కు చేరకముందే పక్క గోడను తాకి, దాని పరమాణువులను రాలుస్తాయి. ఈటర్ లోపలి గోడకు బెరీలియం బదులు టంగ్‌స్టన్ వాడాలని 2023లో ప్రతిపాదించాక ఈ రాలుడు మరింత పట్టించుకోవలసిన విషయమైంది. ఎందుకంటే నడిమికి చేరిన టంగ్‌స్టన్, కొద్దిపాటిదైనా, ప్లాస్మా వేడిని కిరణాలుగా వెదజల్లి దాన్ని చల్లార్చేస్తుంది.