గుండెకు బదులు యంత్రం: నమ్మకం ముందు, రుజువు వెనుక

ఎక్మో, అంటే రక్తాన్ని బయటికి తీసి ప్రాణవాయువు కలిపి తిరిగి ఒంట్లోకి పంపే యంత్రం, అనే మాట తెలుగువారిలో చాలామంది చెవిన పడింది 2020లో, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం చెన్నైలో వారాల తరబడి చికిత్స పొందిన రోజుల్లో. అయితే అప్పుడు కొవిడ్ దెబ్బతీసింది ఊపిరితిత్తులను. తీవ్రమైన గుండెపోటుతో గుండె కండరంలో పెద్ద భాగం పనిచేయక, రక్తపోటు పడిపోయి, కాళ్లూ చేతులూ చల్లబడి, మూత్రం ఆగిపోయే కార్డియోజెనిక్ షాక్‌లో ఆ యంత్రం చేయవలసిన పని వేరు. దాని చరిత్రా వేరు.

1931లో బోస్టన్‌లో ఊపిరితిత్తుల ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడిన ఒక రోగి పక్కన రాత్రంతా కూర్చున్న జాన్ గిబ్బన్ అనే వైద్యుడికి, నల్లబడిన రక్తాన్ని బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి తిరిగి పంపితే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. అది ఫలించడానికి 22 ఏళ్లు పట్టింది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో, 18 ఏళ్ల యువతి గుండెలోని రంధ్రాన్ని మూసే శస్త్రచికిత్సలో, ఆయన యంత్రం 26 నిమిషాలు గుండె, ఊపిరితిత్తుల పనిని పూర్తిగా మోసింది. వాయువు నేరుగా తగిలితే రక్తం పాడవుతుంది కాబట్టి అలాంటి యంత్రాలను రోజుల తరబడి నడపడం కుదరలేదు. రక్తానికీ వాయువుకీ మధ్యలో పలుచని పొర పెట్టాక 1971లో, రోడ్డు ప్రమాదంలో గాయపడిన యువకుణ్ణి డోనాల్డ్ హిల్ అనే వైద్యుడి బృందం మూడు రోజులు యంత్రం మీద ఉంచి బతికించింది.

షాక్ రోగులకు ముందుగా అందింది మాత్రం బెలూన్ పంపు. గజ్జలోని ధమని గుండా, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళమైన బృహద్ధమనిలోకి పంపే ఆ సన్నని బెలూన్, గుండె విశ్రమించినప్పుడు హీలియంతో ఉబ్బి, కొట్టుకునే ముందు ముడుచుకుంటుంది. 1967లో శస్త్రవైద్యుడు ఏడ్రియన్ కాంట్రోవిట్జ్ అమెరికాలోని బ్రూక్లిన్‌లో దాన్ని మొదటిసారి రోగికి వాడారు. చూడటానికి అంత తర్కబద్ధంగా ఉండబట్టే కాబోలు, 40 ఏళ్లకు పైగా దాన్ని గట్టిగా పరీక్షకు పెట్టినవారు లేరు. 2012లో జర్మనీలో 600 మందిపై జరిగిన అధ్యయనంలో 30 రోజుల మరణాలు బెలూన్ వాడినవారిలో 39.7 శాతం, వాడనివారిలో 41.3 శాతం; అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఆ ఖాళీలోకి ఎక్మో వచ్చింది. గజ్జలోని సిర నుంచి ముదురు రంగు రక్తం ఒక గొట్టంలో బయటికి వస్తుంది; ఎర్రగా మారి మరో గొట్టంలో ధమనిలోకి పోతుంది. అవయవాలకు రక్తం అందుతుంది, నిజమే. కానీ కింది నుంచి పైకి ఎదురొచ్చే ఆ ప్రవాహానికి వ్యతిరేకంగా తోయవలసినది అప్పటికే నీరసించిన ఎడమ జఠరికే, అంటే ఒంటికంతటికీ రక్తాన్ని తోసే గుండె గదే. 2023లో 417 మంది రోగులపై వెలువడిన ఫలితాల్లో 30 రోజుల మరణాలు ఎక్మోతో 47.8 శాతం, లేకుండా 49 శాతం; రక్తస్రావం మాత్రం 9.6 నుంచి 23.4 శాతానికి పెరిగింది. కాలికి రక్తం అందకపోవడమూ ఎక్కువైంది.

ఎడమ జఠరికలోనే కూర్చుని రక్తాన్ని బృహద్ధమనిలోకి తోడే ఇంపెల్లా అనే చిన్న పంపు ఆ చిక్కును తప్పిస్తుంది. 2024లో వచ్చిన డెన్మార్క్-జర్మనీ-బ్రిటన్ అధ్యయనంలో 180 రోజుల మరణాలు 58.5 నుంచి 45.8 శాతానికి తగ్గాయి. రక్తస్రావం, రక్తకణాలు చితకడం, డయాలిసిస్ అవసరం వంటి ఇబ్బందులు పెరిగాయి. అయితే అందుకు 360 మంది రోగులను చేర్చుకోవడానికే పదేళ్లు పట్టింది; గుండె ఆగి, తిరిగి కొట్టుకున్నా స్పృహలోకి రానివారిని అందులో చేర్చుకోలేదు.